ఆనుడు వేరు, అంటుడు వేరు

మేడం సంతాప సభలో నాకు మైకు ఇవ్వలేదు. చెయ్యి ఎత్తాను. సభ నడుపుతున్న అమ్మాయి నన్ను చూసింది. చూసి, "సమయం లేనందువల్ల ఇంతటితో ముగిస్తున్నాం" అంది. అంతకుముందు, మేడం క్లాసులో ఒక్క పూట కూడా కూర్చోని పెద్దమనిషి ఒకాయన ఆమె సహనం గురించీ చల్లని మనసు గురించీ సమోసాలు చల్లారిపోయేదాకా మాట్లాడాడు. దానికి సమయం ఉంది. ఆమెతో ఒకే గదిలో, పక్క కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నవాడికి లేదు.

ఈ కాలేజీలో నన్ను పక్కన పెట్టడం కొత్తేమీ కాదు. వార్షికోత్సవం ఫోటోలో నా ముఖం సగానికి కోసేశారు. ఆహ్వాన పత్రికలో నా ఇంటిపేరు తప్పు వేశారు. చెబితే, "ఎవరు చూస్తరు సార్" అన్నారు. నేను చూస్తాను. అవన్నీ నాకు గుర్తున్నాయి. కానీ అవి నా సొంత గొడవలు, వాటి సంగతి ఇంకోసారి తేలుస్తాను. ఇప్పటి గొడవ మేడం యంత్రం గురించి.

ఆమె ల్యాబు బల్ల మీద ఉండే యంత్రాన్ని వరండాలోకి గెంటారు. విరిగిన కుర్చీల పక్కన పడేసి దాని మీద సుద్దముక్కతో 'తుక్కు' అని రాశారు. దాన్ని ఉంచుతారా, అమ్ముతారా అని మా మెకానికల్ శాఖ హెచ్‌ఓడీని అడిగాను. ఆయన ఫోను చూసుకున్నాడు. ప్రిన్సిపాల్‌ని అడిగాను. ఆయన నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. మళ్లీ హెచ్‌ఓడీ దగ్గరికి పోయాను. ఈసారి ఫోను కూడా చూడలేదు, లేచి పోయాడు. సభలో అందరి ముందూ అడుగుదామనుకున్నాను. మైకు రాలేదు కాబట్టి ఇక్కడ రాసి అడుగుతున్నాను. అడిగే ముందు ఆ యంత్రం ఎవరిదో తెలియాలి. అందుకే ఈ నాలుగు మాటలు. మేడం పేరు రాయను. ఫ్లెక్సీ మీద పెద్దక్షరాలతో వేశారు, అది చాలు.

యంత్రం అంటే భయపడాల్సిందేమీ లేదు. ఒక ఇనుప చట్రం, అందులో ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన రెండు లోహపు దిమ్మలు. పైది రాగి, కిందది అల్యూమినియం. రాగిని కరెంటుతో వేడి చేస్తారు, అల్యూమినియం కింద చన్నీళ్లు పారిస్తారు. పైనుంచి చేత్తో తిప్పి బిగించే మర ఒకటి. ఏ చోట ఎంత వేడి ఉందో చెప్పే తీగలు కొన్ని. అంతే. వేడి రాగిలోంచి అల్యూమినియంలోకి ఎలా దాటుతుందో చూడడమే దాని పని. మేడం బోధించిందల్లా ఒక విధంగా ఆ ఒక్క సంగతే. రెండు ఘన వస్తువులు ఒకదానికొకటి తగిలి ఉన్నప్పుడు, ఆ తగిలిన చోట వేడికి ఏమవుతుంది?

మనిషిని తలుచుకుంటే ముందు ఆమె అరచెయ్యి గుర్తొస్తుంది. దేన్ని చూసినా చెయ్యి ఆనించేది. చలికాలం పొద్దున స్టాఫ్‌రూంలోకి వస్తూనే ఇనుప బీరువాకు ఒక చెయ్యి, చెక్క తలుపుకు ఒక చెయ్యి పెట్టి కాసేపు నిలబడేది, ఎవరికో జ్వరం చూస్తున్నట్టు. చాయ్ గ్లాసును చెంపకు ఆనించుకునేది. ఎండాకాలం పార్కింగులో స్కూటర్ల సీట్లు ముట్టుకుంటూ పోయేది. వాచ్‌మన్ ఒకసారి, "మేడం, మీ బండి అది కాదు" అని అరిచాడు. "తెలుసు తమ్మీ, ఎవరిది ఎక్కువ కాలుతుందో సూస్తున్న" అంది.

నందిపేట దిక్కు పల్లెలో పుట్టిన మనిషి. ఆదివారం నిజామాబాద్ చర్చిలో పాడేది. గొంతు పెద్దది, క్లాసులో కూడా అదే గొంతు. మిగతా మేమందరం పుస్తకం భాషలో, వచ్చీ రాని ఇంగ్లీషులో పాఠం చెప్పేవాళ్లం. ఆమె ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పేది. "ఆనుడు వేరు, అంటుడు వేరు. ఈ రెండు మాటలు తెలిస్తే సగం సబ్జెక్టు వచ్చినట్టే" అని మొదలుపెట్టేది.

"గోడకు నిచ్చెన ఏం చేస్తది రా?"

"ఆనుతది మేడం."

"సేతికి మసి?"

"అంటుతది."

"మరి మసి అంటుతది, రంగు అంటుతది, నూనె అంటుతది, జబ్బు అంటుతది. ఎందుకట్ల అంటం?"

జవాబు తనే చెప్పేది.

"ఇటుది జర అటు పోతేనే అంటుడు. ఏం పోకపోతే ఉట్టిగ ఆనుడే. గీ రాగి బిళ్ళ గా బిళ్ళకు ఆనింది. వేడి అంటిందా లేదా, ఎంత అంటింది, గదే మనం సూసేది."

తర్వాత పసుపు బయటికొచ్చేది. నిజామాబాద్‌లో పసుపుకేం కరువు? స్టీలు గ్లాసులో మెషిన్ నూనె పోసి పసుపు కలిపి, పల్చగా, దిమ్మ ముఖానికి వేలితో రాసేది. వెనక బెంచీలోంచి ఎవడో గొణిగేవాడు: "మేడం చర్చికి పోతది, మిషన్‌కేమో పసుపు పెడతది."

"నాకు పెట్టుకోను బిడ్డా, దీనికైతే పెడత. ఇయ్యాల వీళ్లకు పెండ్లి. సూద్దాం, ఎంత కలుస్తరో."

దిమ్మల ముఖాలు అద్దంలా ఉంటాయి. పిల్లలే రోజంతా రుద్ది నున్నగా చేసేవాళ్లు. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టించి, మర తిప్పించి బిగించేది. తర్వాత విప్పించి రెండో దిమ్మ ముఖం చూపించేది. నిండా పచ్చగా ఉంటుందని అందరూ అనుకునేవాళ్లు. అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. మిగతాదంతా బోసి.

"ఊరంత పెండ్లి చేసినం. కలిసింది గింతే" అనేది మేడం, ఏదో గెలిచినట్టు. "కంటికి అద్దమే. దగ్గరికి పోయి సూస్తే ఆర్మూరు గుట్టలు. ఆర్మూరు గుట్టల మీద ఇంకో ఆర్మూరు గుట్టల్ని బోర్లిస్తే ఎన్ని జాగల తగులుతయ్? మిగతా జాగంత ఏముంటది?"

"గాలి మేడం."

"గాలి! వేడిని పోనియ్యంది ఎవడు? గాడే."

మర ఇంకా బిగించమనేది. బిగిస్తే చుక్కలు పెరిగేవి. ఇంకా బిగిస్తే ఇంకా పెరిగేవి. ఎంత బిగించినా ముఖమంతా పచ్చబడేది కాదు. ఒత్తితే నడుమ సందు తగ్గుతుంది, పోదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ కాలేజీ ఆఫీసు మీద నేను ఎంత ఒత్తానో, ఎంత తగ్గిందో నాకు తెలుసు.

కంప్యూటర్లు వచ్చాయి. వేడి ఎలా పాకుతుందో కంప్యూటర్లోనే కట్టి చూపించే సిమ్యులేషన్లు వచ్చాయి. మేడం వాటికి వ్యతిరేకి అని సభలో ఎవరో అన్నారు. పచ్చి అబద్ధం. మా శాఖలో ఆ విద్య మొదట నేర్చుకున్నది ఆమె, తర్వాత నేర్పింది ఆమె. ఇప్పటి హెచ్‌ఓడీ కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాడు. ఇది ఆయన మర్చిపోయాడేమో, నేను మర్చిపోలేదు.

ఆమె పట్టుదల ఒక్కటే. పిల్లలు రంగురంగుల బొమ్మ తెచ్చి చూపించేవాళ్లు. ఎర్రగా మొదలై, పసుపుగా, పచ్చగా, చివర నీలంగా, నున్నగా జారిపోయే బొమ్మ. ఆమె రంగులు చూసేది కాదు. రెండు దిమ్మలు కలిసే గీత దగ్గర వేలు పెట్టేది.

"మెట్టేది?"

వేడి ఒక దిమ్మలోంచి రెండో దాంట్లోకి దాటే చోట టక్కున పడిపోవాలి. రాగి చివర ఒక వేడి, దానికి తగిలిన అల్యూమినియం మొదట్లో అంతకంటే తక్కువ వేడి. ఆ తేడాయే మెట్టు. నడుమనున్న గాలి చేసే పని అది. మెట్టు లేని బొమ్మ తెస్తే మేడం సంతకం పెట్టేది కాదు. "మెట్టు లేకుంట ఇంట్లకెట్ల వచ్చినవ్ రా, ఎగిరొచ్చినవా?" అని తిప్పి పంపేది. పిల్లలు ఆమెకు మెట్టు మేడం అని పేరు పెట్టారు. ఆమె వస్తుంటే క్యాంటీన్‌లో, "మెట్టొస్తుంది, కాలు సూసుకొని నడువుండ్రి" అనుకునేవాళ్లు. ఆమె వినేది. వినబడనట్టు ఉండేది కూడా కాదు, "సూసుకోకపోతే పండ్లు రాలుతయ్" అని జవాబిచ్చేది.

మెట్టు ఎందుకు పోతుందంటే, ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు వస్తువుల్ని కలిపినప్పుడు 'అతికి ఉన్నాయి' అని అదే ముందుగా అనుకుంటుంది. పూర్తిగా, సందు లేకుండా, ఒకే లోహమైనట్టు. కాదని మనం చెప్పాలి. చెప్పి, నడుమ అడ్డు ఎంతో అంకె ఇవ్వాలి. "ముందుగాలనే అతికినయని రాసి పెడతరు. మనం ఏం అనకపోతే గదే నిజమైతది" అనేది మేడం. ఆ మాట ఆమె కంప్యూటర్ గురించే అంది. నేను చాలా చోట్ల వాడుకుంటున్నాను.

మరి ఆ అంకె ఎక్కడ దొరుకుతుంది? కంప్యూటర్ ఇవ్వదు. అది అడుగుతుంది. పుస్తకంలో ఉన్న అంకె ఇంకెవరి దిమ్మలదో. మన దిమ్మలది కావాలంటే మన దిమ్మల్ని బిగించి, వేడి పెట్టి, కొలుచుకోవాలి. వరండాలో పడి ఉన్న యంత్రం పని అదీ. దాన్ని తీసేస్తే ల్యాబులో ఎన్ని కొత్త కంప్యూటర్లున్నా, అవి అడిగే ప్రశ్నకు జవాబు ఉండదు. ఇంత చిన్న సంగతి.

ఇక నాకు జరిగిన అవమానం చెప్తాను. చెప్పకపోతే ఈ బొమ్మ కూడా మెట్టు లేని బొమ్మే అవుతుంది.

సిమ్యులేషన్ అంటే ఏమిటో పిల్లలకు అర్థం కావడం లేదని మేడం ఒకరోజు క్లాసంతటినీ కారిడార్‌లోకి తెచ్చింది. రెండు వరుసలు ఒకదాని వెనక ఒకటి, ఒకే గీతలో నిలబెట్టింది. ఒక్కొక్కరి చేతిలో పలక. ఒక్కొక్కరూ లోహంలో ఒక్కొక్క గడి. ఈ చివరివాడు పొయ్యి, ఎప్పుడూ వంద పట్టుకొని ఉండాలి. ఆ చివరివాడు చన్నీళ్లు, ఎప్పుడూ సున్నా. నడుమనున్నవాళ్లు ఆమె చప్పట్లు కొట్టినప్పుడల్లా అటు పక్కవాడినీ ఇటు పక్కవాడినీ చూసి, రెండింటి సగటు తమ పలక మీద రాసుకోవాలి. "కంప్యూటర్ చేసేది గింతే. తెలివేం లేదు, ఓపికుంది" అంది.

రెండు వరుసలకు నడుమ కొంచెం ఖాళీ ఉంచింది. అప్పుడే నేను స్టోర్సు రూంలోంచి వస్తున్నాను. ఆ రోజుల్లో సామాను కొనే ఫైళ్లు నా దగ్గర ఉండేవి.

"సార్, జర మీరు గీ నడుమ నిలబడుండ్రి."

"నేనెందుకు?"

"ఇటు పిల్ల ఎంత చెప్పినా అటు పిల్లకు కొంచమే చెప్పాలె. ఇంకెవరికీ రాదు సార్ గది. మీ కాడికొస్తే ఏదీ తొందరగ దాటదు. ఫైలైతే అసలే దాటదు."

కారిడార్ అంతా నవ్వింది. పక్క సెక్షన్ వాళ్లు కూడా తలుపుల్లోంచి తొంగి చూసి నవ్వారు. నేను వెళ్లిపోవాల్సింది. కానీ వెళ్తే ఆమె మాట నిజమని ఒప్పుకున్నట్టు కదా! నిలబడ్డాను. చప్పట్లు కొట్టీ కొట్టీ ఆమె చేతులు ఎర్రబడ్డాయి. మెల్లగా పలకల మీద అంకెలు మారడం ఆగింది. నాకు ఇటు వరుసంతా పెద్ద అంకెలు, అటు వరుసంతా చిన్న అంకెలు.

"మెట్టేడుంది?"

అందరి వేళ్లూ నా వైపే.

"సారు ఎవరు?"

"గాలి!"

గాలి సారు అనే పేరు నాకు ఆ పూట వచ్చింది. ఇంకా ఉంది. ఆమెతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆమె క్షమాపణ చెప్పలేదు. ఒకరోజు చాయ్ గ్లాసు తెచ్చుకొని నా పక్కన కూర్చొని, "గాలి లేకపోతే ఊపిరాడుతదా సార్?" అంది. అది క్షమాపణ కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. కానీ ఆ క్లాసు పిల్లలు ఎక్కడ కనపడినా సిమ్యులేషన్ ఎలా నడుస్తుందో గడగడా చెప్తారు. అదీ నిజమే.

ఆ చాయ్ గ్లాసు సంగతి కూడా చెప్పాలి. సభలో హెచ్‌ఓడీ, "మేమంతా ఒకే కుటుంబంలా కలిసిపోయి ఉండేవాళ్లం" అన్నాడు కనుక.

స్టాఫ్‌రూంలో అందరికీ పింగాణీ కప్పులు ఉండేవి. మేడం చేరిన కొత్తలో ఆమెకు స్టీలు గ్లాసులో పోశారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎవరూ ఏమీ అనలేదు, అది అలా నడిచింది. తర్వాత ఆమె తన గ్లాసు తనే ఇంటినుంచి తెచ్చుకునేది. ఒకరోజు కొత్తగా వచ్చిన అటెండరు ఆమెకూ పింగాణీ కప్పులో పోసి ఇచ్చాడు. అప్పుడు మాకు సీనియర్ అయిన ఒక సారు (ఆయన ఇప్పుడు కాలేజీలో లేడు, ఉన్నా ఇదే రాసేవాణ్ణి) పేపరు మీంచి తలెత్తకుండా, "మేడంకు వేరే గ్లాసుంది గద రా" అన్నాడు.

అటెండరు ఆగిపోయాడు. మేడం ఆ కప్పు అందుకుంది. తొందర లేకుండా తాగింది. ఆ సీనియర్ సారు కప్పు ట్రేలో ఉంది. లేచి పోయి తన కప్పును ఆయన కప్పు పక్కన పెట్టి, రెండూ టంగుమనేలా ఆనించింది.

"ఆనింది సార్" అంది. "ఏమన్న అంటిందా?"

నేను గట్టిగా నవ్వాను. ఆ గదిలో నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సారు పేపరు మడిచి బయటికి పోయాడు. మరునాటి నుంచి ఆమె పింగాణీ కప్పులోనే తాగింది. స్టీలు గ్లాసును పారెయ్యలేదు, ల్యాబుకు తీసుకుపోయి అందులో పసుపు నూనె కలుపుకుంది. నేను చిన్న చిన్నవి కూడా మర్చిపోని మనిషిని. ఆమె మర్చిపోయిందో లేదో ఎప్పుడూ చెప్పలేదు. నడుమ ఎంత సందుందో మాత్రం ఆమెకు ఎప్పుడూ తెలుసు. కుటుంబమట! ముందే రాసి పెట్టిన మాట. ఎవరూ ఏమీ అనకపోతే నిజమైపోయే మాట.

ఇంకొకటి, బెల్లం కడాయి సంగతి. రెంజల్ దిక్కు నుంచి ఆడవాళ్ల సంఘం ఒకటి మా కాలేజీకి వచ్చింది. బోధన్ చుట్టుపక్కల చెరుకు పండుతుంది కదా, వాళ్లు బెల్లం వండి అమ్ముదామని కరెంటు కడాయి చేయించుకున్నారు. వెడల్పు కడాయి, దాని అడుగుకు హీటరు పలక బోల్టులతో బిగించి ఉంది. అది సరిగ్గా కాగుతుందో లేదో చెప్పమని అడిగారు. అప్పటి హెచ్‌ఓడీ, ఇప్పటాయన కాదు, కుర్రాళ్లతో సిమ్యులేషన్ చేయించి, కాగితం మీద సంతకాలు తీసుకుంటున్నాడు. ఆ కాగితం మేడం దగ్గరికి వచ్చింది. వేలు గీత మీదికి పోయింది.

"మెట్టేది సార్?"

"చిన్న విషయం మేడం. బోల్టులు గట్టిగా ఉన్నాయి."

"బోల్టులు ఆనిస్తయ్. అంటియ్యవు."

సంఘం పెద్ద, నడివయసు ఆమె, అక్కడే బెంచీ మీద కూర్చొని ఉంది. గబుక్కున లేచింది. "అంటుకోదా అక్కా? మరి గీ సారు మొన్న మీటింగుల రెండు ప్లేట్లు మంచిగ అంటుకుంటయని చెప్పిండు. మేం భయపడి కడాయి సుట్టూత ఇసుక బకెట్లు పెట్టుకున్నం!"

హెచ్‌ఓడీ అతుక్కుంటాయనే అర్థంలో చెప్పాడు. వాళ్లు నిప్పంటుకుంటుందని విన్నారు. మేడం నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఫికర్ చెయ్యకు అక్కా. అంటుకునేటంత వేడి కడాయికి పోతే గద!" అంది. సంతకం పెట్టలేదు. తనే పోయి చూస్తానంది. తోడు రమ్మని నన్ను అడిగింది. కొలిచే తీగలు స్టోర్సులో నా చేతిలో ఉన్నాయి కాబట్టి అడిగిందని నాకు తెలుసు. అయినా పోయాను.

కడాయిలో చెరుకు రసం పోసి ఉంది. కింద పలక మండిపోతోంది, పైన రసం గోరువెచ్చగా కదలకుండా ఉంది. ఆమె తీగలు పెట్టి చూసింది. పలకకూ కడాయికీ నడుమ పెద్ద మెట్టు. "బోల్టులు ఇంక బిగియ్యుండ్రి" అంది. కరెంటు తీసి, చల్లార్చి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు పానా పట్టుకొని గుంజారు. మళ్లీ వేడి పెట్టారు. ముందుకంటే అధ్వాన్నమైంది.

మేడం కాసేపు చూసింది. రసం తీయించి, ఖాళీ కడాయిలో చేత్తో నీళ్లు చిలకరించింది. అంచుల దగ్గర చుక్కలు చిటపటలాడాయి. నడుమ పడ్డవి హాయిగా కూర్చున్నాయి.

"నేనే తప్పు చెప్పిన" అంది. "బోల్టులన్ని అంచులకే ఉన్నయ్. అంచులు బిగిస్తే నడుమ పలక కిందికి ఉబ్బింది, జొన్నరొట్టె లెక్క."

"గింతసేపు మా రెక్కలు గుంజించినవ్ గదక్కా!"

"గుంజించిన. తప్పు నాదే. చాయ్ పొయ్యుండ్రి, మంచిగ చెప్త."

సదువుకున్నోళ్లు తప్పయిందని చెప్పుడు ఇప్పుడే చూస్తున్నానని ఆ సంఘం పెద్ద అంది. నేనూ అదే మొదటిసారి చూశాను, మా కాలేజీ వాళ్లలో. తర్వాత మేడం ల్యాబుకొచ్చి, పలక ముక్కనూ కడాయి ముక్కనూ తన యంత్రంలో పెట్టి, నడుమ ఒకసారి ఏమీ లేకుండా, ఒకసారి మెత్తటి పల్చటి రాగి రేకు పెట్టి కొలిచింది. రేకు గుట్టల సందుల్లోకి దిగుతుంది, గాలిని వెళ్లగొడుతుంది. ఆ అంకెల్ని సిమ్యులేషన్‌లో పెట్టింది. ఈసారి బొమ్మలో మెట్టు ఉంది, చిన్న మెట్టు. పలక నడిమిని కిందినుంచి ఎత్తి పట్టే అడ్డకమ్మి ఎక్కడ ఉండాలో ఆ బొమ్మే చెప్పింది. కాగితం మీద సంతకం పెట్టింది.

రెండోసారి పోయినప్పుడు రసం నడిమిట్లోంచి పొంగింది. మొదటి బెల్లం వేడివేడిగా మేడం చేతిలో పెట్టారు. నాకు పెట్టడం మర్చిపోయారు. ఆమె తన దాంట్లోంచి సగం విరిచి ఇచ్చింది. ఇస్తూ, "కాలుతది, సూసుకోండి. ఇది ఉట్టిగ ఆనదు" అంది. కాలింది.

ఆమె రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు ల్యాబుకు వచ్చి ఆ మర తిప్పి పోయేది. ఇప్పుడు రాదు. ఆమె వెనకే యంత్రం కూడా బయటికి వచ్చింది. ల్యాబు బల్ల మీద ఇప్పుడు కంప్యూటర్లే ఉన్నాయి. మంచివి. నేను వాటి మీద ఫిర్యాదు చెయ్యడం లేదు. వాటిల్లో 'అతికి ఉన్నాయి' అని ముందే ఉన్నదాన్ని ఎవరూ మార్చడం లేదు, మార్చాలని ఎవరూ చెప్పడం లేదు. నున్నటి బొమ్మలకు మంచి మార్కులు పడుతున్నాయి. ఆ పిల్లలు రేపు బాయిలర్లు కడతారు, మోటార్లు కడతారు, కడాయిలు కడతారు.

నిన్న మధ్యాహ్నం వరండాలో ఆ యంత్రం మీది దుమ్ము తుడుస్తున్నాను. చివరి ఏడాది చదివే అమ్మాయి ఒకతె ఆగింది. సిమ్యులేషన్ పరీక్షలో క్లాసులో మొదటి మార్కులు ఆ పిల్లవే.

"గిదేంది సార్?"

వివరించడానికి నేను మేడం కాను. దిమ్మ ముఖానికి పసుపు రాసి ఇచ్చాను. మర తననే తిప్పమన్నాను. బలంగా తిప్పింది. విప్పి చూసింది. చుక్కలు. నమ్మలేక మళ్లీ తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ బిగించింది. మళ్లీ చుక్కలే. ఒక చుక్క మీద వేలు పెట్టి, "మరి మేం చేసినదాంట్ల నిండుగ తగిలినట్టు పెట్టినం గద సార్. అంటే మాది తప్పా?" అంది.

"తప్పే."

"మరి మాకెందుకు చెప్పలే?"

హెచ్‌ఓడీ గారూ, మీరు నాకు జవాబు ఇవ్వకపోవడం నాకు అలవాటే. నన్ను ఇంకా కొన్నేళ్లు పక్కన పెట్టండి, ఫోటోల్లో కోసెయ్యండి, నేను గుర్తు పెట్టుకుంటాను, అది మన ఇద్దరి మధ్య ఉంటుంది. కానీ ఈ ప్రశ్న నాది కాదు. ఈ రోజు ఆ పిల్ల క్లాసు అయిపోగానే చేతులకు పసుపుతో మీ గది ముందే నిలబడింది, ఇంకో ఇద్దరిని వెంట తెచ్చుకుంది. తలుపు తీయండి. యంత్రం బల్ల మీదికి వస్తుందో, తుక్కు బండి ఎక్కుతుందో, వాళ్ల ముఖం చూసి చెప్పండి.